దుర్వాసన మీద ముక్కుగారి విచారణ

మార్చి 4, సోమవారం

ఈరోజు కూడా బ్యాచ్ తిప్పి పంపాను. వరసగా తొమ్మిదోది. ప్రొడక్షన్ హెడ్ మొహం మాడ్చుకుని, మరోసారి చూడమని బతిమాలాడు. నా ముక్కుకి మరోసారి అనేది లేదు. ఇరవై రెండేళ్లుగా ఈ కంపెనీలో ఏ సబ్బు గేటు దాటాలన్నా నా ముక్కు ముందు నుంచే దాటింది. కాగితాల మీద నేను సీనియర్ వాసన పరిశీలకుణ్ణి. కాపలావాడి దగ్గర్నుంచి జీఎం దాకా అందరూ పిలిచేది మాత్రం ముక్కుగారు అనే. మొదట్లో వెనకాల అనేవాళ్లు, ఇప్పుడు ఎదురుగానే అంటున్నారు. గౌరవం పెరిగిందన్నమాట.

పద్ధతి ఎప్పటిదే. సబ్బు ముక్కను చాకుతో కోసి, కోసిన వైపు ముక్కు దగ్గర పెట్టుకుంటాను. కళ్లు మూసుకుని మూడుసార్లు పీలుస్తాను. తర్వాత కళ్లు తెరిచి, ల్యాబ్ తుడిచే పెద్దక్క ఏం చేస్తోందో ఓరకంట చూస్తాను. సరుకు బాగుంటే ఆవిడ తన మానాన తుడుచుకుంటూ ఉంటుంది. బాగా లేకపోతే లేచి వెళ్లి కిటికీ తెరుస్తుంది. నేను సంతకం పెడతాను. దీన్ని ఒకరి మీద ఆధారపడటం అనరు. సరిచూసుకోవడం అంటారు.

కిందటేడు జనవరిలో వచ్చిన జలుబు తర్వాత నా ముక్కు కాస్త విశ్రాంతి తీసుకుంటున్న మాట నిజమే. పద్నాలుగు నెలలు కొంచెం ఎక్కువే అనుకోండి. కానీ ఇన్నేళ్లు చాకిరీ చేసిన ముక్కుకి ఆ మాత్రం హక్కు లేదా?

పెద్దక్క ముక్కు మాత్రం ఈ మధ్య మరీ నాజూకైపోయింది. నేను గదిలో కాలు పెట్టగానే కిటికీ తెరిచేస్తోంది. ముక్క కోయకముందే.

మార్చి 5

మా ఆవిడ తన దిండు మంచం కాళ్ల వైపుకి మార్చుకుంది. గాలి అటే బాగా వస్తోందట.

మార్చి 7, గురువారం

ప్రొడక్షన్ హెడ్ నా మీద జీఎంకి చెప్పాడు. సబ్బులో లోపం లేదట. ల్యాబ్‌లోనే ఏదో కంపు కొడుతోందట, ఆ కంపులో ఏ సబ్బు పెట్టినా కంపేనట. జీఎం స్వయంగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నేను ఎదురు వెళ్లి నమస్కారం పెట్టాను. ఆయన వెంటనే జేబురుమాలు తీశాడు.

"ఏమిటండీ ఈ వాసన?" అన్నాడు.

నాకు ఏ వాసనా తెలియలేదు. తెలియలేదని చెప్పడానికి నేనేమన్నా లెక్కల విభాగంలో పనిచేస్తున్నానా? సోమవారం నుంచే గమనిస్తున్నానని, ఎవరైనా కనిపెడతారేమో చూద్దామని ఊరుకున్నానని అన్నాను. జీఎం జేబురుమాలు వెనకాల్నుంచే మెచ్చుకున్నాడు. దీన్ని పట్టుకోవాలంటే నా ముక్కు తప్ప దిక్కు లేదని, అక్కడికక్కడే నన్ను ఏకసభ్య విచారణ కమిటీగా వేశాడు. తుది నివేదిక ఏప్రిల్ 15న ఇవ్వాలి.

మిగతావాళ్లు ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. మా ల్యాబ్ గోడ మీద ఒక బోర్డుంది: సంతకం పడేదాకా వాసన గురించి ఎవరూ మాట్లాడరాదు. పదిహేనేళ్ల కిందట నేనే రాయించి పెట్టించాను. ఒకడు బాగుందంటే పక్కవాడి ముక్కు కూడా బాగుందనే అంటుంది, అందుకని. పోను పోను ఆ బోర్డు మా వాళ్ల ఒంట్లోకే ఎక్కింది. క్యాంటీన్‌లో పాలు విరిగినా సరే, నేను నోరు తెరిచేదాకా ఎవరూ కిక్కురుమనరు. క్రమశిక్షణ అంటే అదీ.

మార్చి 11

విచారణ మొదలు. ల్యాబ్‌లో ఉన్న అయిదుగుర్నీ అడిగాను. వాసన ఉందన్నారు. స్టోర్స్‌కి వెళ్లి అడిగాను. కాసేపటి కిందటిదాకా లేదు, ఇప్పుడుందన్నారు. క్యాంటీన్‌లోనూ అదే మాట. అకౌంట్స్‌లో ఒకమ్మాయి ప్రశ్న పూర్తికాకుండానే లేచి వెళ్లిపోయింది.

కంపెనీ పటం గీసి వాసన ఉన్నచోటల్లా ఎర్ర చుక్క పెట్టాను. సాయంత్రానికి పదిహేడు చుక్కలు. ఇది ఏదో ఒక గదికి పట్టిన సమస్య కాదు. నేను అడుగుపెట్టిన ప్రతిచోటా ఉంది.

మార్చి 13

డ్రైనేజీ.

మార్చి 16, శనివారం

ల్యాబ్ నేల తవ్వించాను. ప్లంబర్ గొట్టం విప్పి, అద్దంలా ఉందన్నాడు. వంగి చూడమన్నాడు. నేను అతని పక్కనే వంగి చూశాను. అతను గభాలున లేచి మెడలో తువ్వాలు ముక్కుకి కట్టుకున్నాడు. చూశావా, గొట్టంలోంచి వస్తోంది అన్నాను. అతను నావైపు ఒకసారి, గొట్టంవైపు ఒకసారి చూసి ఏదో అనబోయాడు. బోర్డు కనపడినట్టుంది, ఊరుకున్నాడు.

ఇంట్లో మా ఆవిడ మళ్లీ అందుకుంది. "ఏవండీ, ఒక్కసారి డాక్టరుకి చూపించుకోండి. ఎడమ ముక్కులోంచి ఆ పచ్చటిది కారడం ఎన్నాళ్లు? దగ్గర కూర్చోలేకపోతున్నాను" అంది. నా వృత్తి ఏమిటో, ఎదుటివాళ్ల వాసన గురించి మాట్లాడే అధికారం ఈ ఇంట్లో ఎవరికుందో నెమ్మదిగా గుర్తు చేశాను. దిండుతో పాటు మంచం కూడా మార్చేసింది.

మార్చి 19

నేల తవ్వాం, గోడ తవ్వాం, ఏమీ దొరకలేదు. జీఎం రోజూ అడుగుతున్నాడు. విచారణ అన్నాక ఎవరో ఒకరు తేలాలి కదా. పదిహేడు చుక్కల దగ్గరా తిరిగే మనిషి ఎవరా అని కూర్చుని ఆలోచించాను. తుడిచే మనిషి. బకెట్‌లో మురికి నీళ్లు, ఆ నీళ్లతో గది గదికీ వాసన. పైగా నన్ను చూడగానే కిటికీ తెరుస్తుంది. తప్పు చేసినవాళ్లకే ఆ కంగారు.

మధ్యంతర నివేదిక ఇచ్చేశాను. ఒకే పేజీ. పెద్దక్కను లోడింగ్ యార్డుకి మార్చారు. తుది నివేదికలోనూ ఇదే తేలితే, అపరిశుభ్రత కింద ఉద్యోగంలోంచి తీసేస్తారు. పాతికేళ్ల సర్వీసు. ఆవిడ బకెట్ బోర్లించి, మాప్ పిండి ఆరేసి వెళ్లింది.

ఇందులో నాకు వ్యక్తిగతంగా ఏమీ లేదు.

మార్చి 20

రెండు బ్యాచ్‌లు. ముక్క కోసి, పీల్చి, కళ్లు తెరిచి చూశాను. కిటికీ మూసే ఉంది. రెండూ పాస్.

మార్చి 23

ఈ వారం ఎనిమిది బ్యాచ్‌లు పాస్. ప్రొడక్షన్ హెడ్ నవ్వు మొహంతో పలకరించాడు, నాలుగడుగుల దూరం నుంచి. ఎడమ బుగ్గ బరువుగా ఉంది. వంగితే లోపల ఏదో దొర్లినట్టు నొప్పి.

మార్చి 25, సోమవారం

నొప్పి కోసమే వెళ్లాను. ముక్కు కోసం కాదు.

చెవి ముక్కు గొంతు డాక్టరమ్మ ముప్పై అయిదేళ్లు దాటని మనిషి. వాసన తెలుస్తోందా అని అడిగింది. నా ఉద్యోగం చెప్పాను. అయినా సరే కళ్లు మూసుకోమని ఒక సీసా ముక్కు కింద పెట్టింది. నేను మూడుసార్లు పీల్చి, గులాబీ, రెండో రకం, కొంచెం పాతబడింది అని చెప్పాను. కళ్లు తెరవమంది. సీసాలో మంచినీళ్లు. నర్సు అటు తిరిగి నిలబడింది, భుజాలు కదులుతున్నాయి.

తర్వాత సన్నటి గొట్టానికి కెమెరా పెట్టి ముక్కులోకి పంపింది. తెర మీద నా ముక్కు లోపల చూశాను. ఇరవై రెండేళ్లుగా కంపెనీకి ఆస్తి అనుకున్నది అలా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. కుడివైపు మధ్య ఎముక వంకర తిరిగి దారి ఎప్పట్నుంచో ఇరుకేనట. నేను పని చేయించుకున్నదంతా ఎడమవైపుతోనే. ఆ ఎడమవైపు వాపు, చీము. స్కాన్ తీయించుకుని రమ్మంది.

మార్చి 26

స్కాన్‌లో ఎడమ బుగ్గ వెనక తెల్లటి ముద్ద, చొక్కా బొత్తాం అంత.

ముఖం ఎముకల్లో గాలి గదులుంటాయని, వాటినే సైనస్‌లంటారని, వాటిల్లో ఒకదాంట్లో రాయి పెరిగిందని డాక్టరమ్మ చెప్పింది. కిడ్నీలో రాళ్లు విన్నాను గానీ మొహంలో రాయి వినలేదన్నాను. అరుదేనంది. లోపల ఏదైనా చిన్న ముక్క చిక్కుకుంటే దాని చుట్టూ చీము పేరుకుని, దాని మీద సున్నం పొరలు పొరలుగా గట్టిపడుతూ ఏళ్ల తరబడి పెరుగుతుందట. ఎడమవైపు పై పన్ను ఎప్పుడైనా పీకించుకున్నారా అని అడిగింది.

పన్నెండేళ్ల కిందట. పీకింది పళ్ల డాక్టరైన మా బావమరిది.

"వాసన మీకు తెలియదు గానీ పక్కవాళ్లకి తెలిసే ఉంటుంది. ఎవరూ చెప్పలేదా?" అంది డాక్టరమ్మ.

ఎవరూ చెప్పలేదన్నాను. మా ఆవిడ పక్కనే కూర్చుని ఉంది. నా మొహంలోకి చూసింది. తిట్టినా బాగుండేది.

మార్చి 27

పదిహేడు చుక్కల పటం తీసి చూశాను. మడిచి లోపల పెట్టేశాను. రాయి ఒకటి, వాసన ఒకటి. రెండింటికీ సంబంధం ఉందని శాస్త్రీయంగా రుజువు కాలేదు.

మార్చి 28

బావమరిది వచ్చాడు. స్కాన్ దీపానికి అడ్డంగా పెట్టి చూసి, "నేను పీకినప్పుడు పన్ను మొత్తం వచ్చేసింది బావా" అన్నాడు. మూడు వేర్లూ వచ్చాయా అని వాళ్లక్క అడిగింది. ఆ రోజు కరెంటు పోయింది కదక్కా అన్నాడు. ఎన్ని వేర్లు అని మళ్లీ అడిగింది. పనుందని కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఏప్రిల్ 1

రేపు ఆపరేషన్. ఆఫీసులో కుటుంబ కారణాలు అని రాశాను. భయంగా ఉంది. ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

ఏప్రిల్ 4

మొహం మీద కోత లేదు. ముక్కులోంచే పరికరం పంపి, గాలి గది ద్వారం వెడల్పు చేసి, రాయి తీసి, చీము కడిగారట. వంకర ఎముక కూడా సరిచేశారు. ముక్కులో దూది, నోటితోనే ఊపిరి. రాయిని చిన్న సీసాలో వేసి ఇచ్చారు. బూడిద రంగు, గరుకు. ఒకవైపు పెళ్లగిలిన చోట పసుపుపచ్చటి మొన కనిపిస్తోంది. పంటి వేరు. మా ఆవిడ వాళ్ల తమ్ముడికి ఫొటో పంపింది. జవాబు రాలేదు.

ఏప్రిల్ 5

దూది తీశారు. రోజుకి నాలుగుసార్లు ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవాలి. వాసన రావడానికి వారాలు పట్టొచ్చు, కొంతమందికి తొందరగా వస్తుంది, కొంతమందికి రాకపోవచ్చు కూడా అంది డాక్టరమ్మ.

ఏప్రిల్ 8, సోమవారం

పొద్దున్నే మెలకువ వచ్చింది. ఏదో చచ్చి పడుందనుకుని లేచి మంచం కింద వెతికాను. ఏమీ లేదు. మళ్లీ పడుకోబోతే అర్థమైంది. నా దిండు.

గలీబు ఉతికినదే. లోపలి దూదికి పట్టేసింది. ఎడమవైపు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నెలల తరబడి ఈవిడ దీని పక్కన పడుకుంది. తర్వాత నా కోటు తీసి వాసన చూశాను. ల్యాబ్‌కి రోజూ వేసుకెళ్లేది. ఆ గుమ్మంలో జేబురుమాలు తీసిన జీఎం, లేచి వెళ్లిపోయిన అకౌంట్స్ అమ్మాయి, తువ్వాలు కట్టుకున్న ప్లంబర్, ఒక్కొక్కళ్లే గుర్తొచ్చారు. సిగ్గుతో చచ్చిపోయాను. అంతకంటే వేరే మాట నాకు దొరకడం లేదు.

మా ఆవిడ కాఫీ తెచ్చింది. వాసన వస్తోందన్నాను. గ్లాసు బల్ల మీద పెట్టి కళ్లు తుడుచుకుంది. దిండు పట్టుకెళ్లి బయట పారేసింది.

ఏప్రిల్ 11, గురువారం

ఆఫీసుకి వెళ్లాను. ల్యాబ్‌లో చప్పట్లు. జీఎం వచ్చి చెయ్యి కలిపాడు, జేబురుమాలు తియ్యకుండా, ఇంతకు ముందెప్పుడూ నిలబడనంత దగ్గరగా నిలబడి. వాసన పూర్తిగా పోయిందట. పెద్దక్కను యార్డుకి పంపిన కొద్ది రోజులకే, కచ్చితంగా చెప్పాలంటే నేను సెలవు పెట్టిన మర్నాటి నుంచి, గాలి శుభ్రపడిందట. నివేదిక నూటికి నూరుపాళ్లు నిజమైందన్నాడు. తుది నివేదికలో ఇదే రెండు ముక్కలు రాసిస్తే సోమవారం ఆవిడ కాగితాలు తయారవుతాయన్నాడు.

నేను తల ఊపాను. అవునని కాదు. ఊరికే ఊపాను.

తర్వాత బీరువా తెరిచి, పెద్దక్క వెళ్లిన వారంలో నేను పాస్ చేసిన ఎనిమిది బ్యాచ్‌ల నమూనాలు ఒక్కొక్కటే పీల్చాను. అయిదు బాగున్నాయి. మూడింట్లో అసలు సెంటే పడలేదు. పచ్చి నూనె వాసన.

ఏప్రిల్ 12

లోడింగ్ యార్డుకి వెళ్లాను. లారీల మధ్య దుమ్ము ఊడుస్తోంది. నన్ను చూసి చీపురు ఆపింది. దగ్గరికి వెళ్లాను. వెనక్కి జరగలేదు.

"తగ్గింది సార్" అంది.

ఏం తగ్గిందని అడిగాను. "మీరింకా అనలేదు కదా సార్. మేమెలా అంటాం?"

ఎప్పట్నుంచి తెలుసని అడిగాను. కిందటేడు వానాకాలం నుంచి అట. తనకే కాదు, అందరికీ తెలుసట. మరి ఒక్క ముక్క చెప్పకపోయావా అన్నాను.

"బోర్డు పెట్టింది మీరే కదా సార్. నోటితో అనకూడదని కిటికీ తీసేదాన్ని. మీకు తెలిసిపోతుందనుకున్నా."

మళ్లీ ఆవిడే అంది:

"బకెట్‌లో నీళ్లు రోజుకి నాలుగుసార్లు మారుస్తాను సార్. వాసన చూసి మరీ మారుస్తాను. ఉద్యోగం పోతే ఇంకోచోట చూసుకుంటా. మురికి మనిషినని కాగితం మీద రాసి పంపితే నన్నింక ఎవరు తుడవనిస్తారు?"

ఏప్రిల్ 13

నివేదిక రాయలేదు. పెన్నులో సిరా అయిపోయింది.

ఏప్రిల్ 14, ఆదివారం

సిరా ఉంది.

నిజం రాస్తే ఏమవుతుందో లెక్క తేలిగ్గానే తెలుస్తోంది. వాసన నాదని రాస్తే, ఎందుకు కనిపెట్టలేదని అడుగుతారు. ముక్కు పనిచేయలేదంటే, ఎప్పట్నుంచని అడుగుతారు. రాయకపోతే ఎవరూ ఏమీ అడగరు. చప్పట్లు కొట్టారు కూడా. ఇప్పుడు నా ముక్కు బాగుంది. ఇక మీదట నిజాయితీగా చూస్తాను. ఆవిడకి వేరేచోట నేనే దగ్గరుండి పని చూపించొచ్చు. ఆలోచిస్తే ఇదే అందరికీ మంచిది.

మధ్యాహ్నం మా ఆవిడ భోజనానికి పిలిచింది. నా గ్లాసు పక్కన రాయి సీసా పెట్టి ఉంది. ఏమీ అనలేదు. ఈ ఇంట్లో కూడా బోర్డు ఉన్నట్టే ఉంది.

ఏప్రిల్ 15, సోమవారం

తుది నివేదిక ఇచ్చాను. ఒకటే వాక్యం. "దుర్వాసనకు మూలం: విచారణాధికారి ఎడమ బుగ్గ." దాని మీద సీసా పెట్టాను.

జీఎం సీసా ఎత్తి చూశాడు. సంగతంతా చెప్పాను. కుర్చీలో వెనక్కి వాలి, ఇది ఎవరెవరికి తెలుసని అడిగాడు. అందరికీ తెలుసు సార్, మీకూ తెలుసు అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

పోనీ ఈ కాగితం చింపేద్దామన్నాడు. ఆవిడ వెళ్లింది, వాసన పోయింది, అందరూ నమ్మారు, కదిపి కంపు చేసుకోవడం ఎందుకన్నాడు. నేను కాగితం మీద చెయ్యి పెట్టాను. తియ్యలేదు.

అప్పుడు ఆయనకి తట్టింది.

"ఆగండి. పద్నాలుగు నెలలుగా మీకు ముక్కు లేదంటే, ఇన్ని బ్యాచ్‌లూ వాసన చూసిందెవరు?"

"ఆవిడే" అన్నాను.

ఏప్రిల్ 18

జీఎం గదిలో పరీక్ష పెట్టారు. ఎనిమిది నమూనాలు, నంబర్లు లేవు. పెద్దక్క చేతులు రెండుసార్లు కడుక్కుని వచ్చింది. సెంటు పడని మూడింటినీ ఏరి పక్కన పెట్టి, నాలుగోది కూడా జరిపింది. ఇది చెడలేదు సార్, పాత పీపాలోంచి పోసిన సెంటు అంది. స్టోర్స్‌లో కనుక్కుంటే నిజమే. ఆ నాలుగోది నేను బాగుందనుకున్న అయిదింట్లోది. ముక్కు బాగయ్యాక కూడా.

మే 2, గురువారం

కొత్త ఏర్పాటు ఈరోజు నుంచి. నా పేరు ముందు సీనియర్ తీసేశారు. పెద్దక్క కిటికీ పక్కన ఎత్తు స్టూలు మీద కూర్చుంది. ఆవిడ బాగుందంటే బాగుందని, లేదంటే లేదని నేను పక్కన కూర్చుని రిజిస్టరులో రాయాలి. నన్నింకా ముక్కుగారనే పిలుస్తున్నారు. కాకపోతే మళ్లీ వెనకాల.

బోర్డు తీసేద్దామా అని ఆవిడను అడిగాను. ఉండనివ్వమంది. పద్ధతి మంచిదేనంది.

మొదటి ముక్క కోశారు. నాకూ వాసన వచ్చింది. స్పష్టంగా, ఇరవై రెండేళ్ల కిందట మొదటిరోజు వచ్చినంత స్పష్టంగా. బాగా లేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

పెద్దక్క కళ్లు మూసుకుని ఇంకా పీలుస్తోంది. నేను పెన్ను పట్టుకుని నోరు మూసుకుని కూర్చున్నాను.